బుడిపె లోపలి ఎరుపు

ఈ సంచికలో ముందుగా నా తప్పు ఒకటి దిద్దుకోవాలి.

మార్చి సంచికలో బీన్స్ మడికి కోడి ఎరువు గుళికలు ధారాళంగా వేయమని రాశాను. "సేంద్రియ ఎరువే కదా, ఎక్కువైతే నష్టం ఏముంది" అని కూడా రాశాను. ఆ వాక్యం ఇప్పుడు చదివితే సిగ్గుగా ఉంది. జులైలో డర్బన్ నుంచి, చాట్స్‌వర్త్‌లో ఉండే ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "ఏం టీచరమ్మా, నీ మాట విని సంచి మొత్తం పోశాను. ఆకు చూస్తే రెండు కళ్ళూ చాలవు. కాయ మాత్రం ఒక్క పూట కూరకు రాలేదు" అన్నారు. పింఛను డబ్బుతో కొన్న సంచి అది. ఏం చెప్పాలో తోచక, మా బడి తోటలోనూ అదే జరిగిందని ఒప్పుకున్నాను.

తోట అంటే పెద్దదేం కాదు. రింగాస్కిడీ కార్క్ హార్బర్ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఒక పక్క ఫ్రాన్సులోని రోస్కాఫ్‌కు వెళ్ళే ఓడల రేవు, ఇంకో పక్క మందుల కర్మాగారాలు, మధ్యలో మా ఇళ్ళు. నేను చదువు చెప్పే బడి వెనక పిల్లల కోసం రెండు మడులు ఉన్నాయి. మార్చి మొదటి వారంలో రెండిటిలోనూ బ్రాడ్ బీన్స్ నాటాం. ఒక మడికి కోడి ఎరువు గుళికలు, నేను మీకు చెప్పినట్టే, ధారాళంగా. రెండో మడికి గుళికలు చాలలేదు. అందుకని ఒక పిల్లవాడి తాతగారు ఇచ్చిన, రెండేళ్ళు చివికిన పశువుల ఎరువు వేశాం. అంతే తేడా. ప్రయోగం చేద్దామని చేసింది కాదు.

జూన్ చివర వేసవి సెలవుల ముందు ఒక్కో మడి నుంచి మూడేసి మొక్కలు పీకాం. గుళికల మడి మొక్కలు నా భుజం దాకా ఉన్నాయి, నల్లటి ఆకుపచ్చ రంగు. వాటి వేర్లకు బుడిపెలు ఎక్కడో ఒకటి, ఆవగింజంత. చివికిన ఎరువు వేసిన మొక్కలు పొట్టిగా ఉన్నాయి కానీ వేరు నిండా గుత్తులు గుత్తులుగా బుడిపెలు. ఒక పాప బుడిపెను గోటితో చీల్చి "రక్తమా టీచర్?" అని అడిగింది. లోపల లేత ఎరుపు. గుళికల మడి బుడిపెను చీలిస్తే తెల్లగా ఉంది.

ఆ పాప అడిగింది అంత తప్పు కాదు. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. మన నెత్తురులో ఉండే హిమోగ్లోబిన్‌కు అది దగ్గరి చుట్టం. బుడిపెలో రైజోబియం అనే సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. గాలిలో ఉన్న నత్రజనిని మొక్క తినగలిగే రూపంలోకి మార్చటం వాటి పని. ఆ పని చేసే ఎంజైము ప్రాణవాయువు తగిలితే పాడైపోతుంది. కానీ సూక్ష్మజీవి బతకటానికి ప్రాణవాయువు కావాలి. ఈ రెండింటి మధ్య కొలిచి అందించేది ఆ ఎర్రటి పదార్థం. అందుకే ఎరుపు ఉంటే పని జరుగుతోందని అర్థం. తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదు, లేదా లోపల ఉన్నది పనికిమాలిన రకం. ఆకుపచ్చగా, గోధుమ రంగుగా మారితే దాని పని అయిపోయింది.

మరి కోడి ఎరువు మడిలో ఎందుకు లేవు? మొక్క ఈ కూలీలను ఊరికే పెట్టుకోదు. ఆకుల్లో తయారైన చక్కెరలో మంచి వాటా వాటికి ఇవ్వాలి. నేలలోనే నత్రజని తేరగా దొరికితే ఎవరు జీతం ఇస్తారు? కోడి ఎరువులో నత్రజని ఎక్కువ, త్వరగా విడుదలవుతుంది. అది తిని మొక్క ఆకు పెంచుకుంది, బుడిపెలు వద్దనుకుంది. ఇక్కడి రైతులు పొలాల్లో బీన్స్ వేసినప్పుడు నత్రజని ఎరువు అసలు వేయరు. అంత తెలిసిన దేశంలో ఉండి నేను మీకు సంచి పొయ్యమని రాశాను!

కాబట్టి దిద్దుబాటు ఇది. అపరాలకు, అంటే పప్పుధాన్యాల జాతి ఏదైనా సరే, పచ్చి కోడి ఎరువు గానీ గుళికలు గానీ వేయకండి. వాటిని వంకాయకు, ఆకుకూరలకు వాడుకోండి. అపరాలకు బాగా చివికిన పశువుల ఎరువు లేదా కంపోస్టు, చదరపు మీటరుకు ఒక చిన్న బకెట్, విత్తే ముందు మట్టిలో కలపండి. దాని అసలు పని తిండి పెట్టటం కంటే ఇల్లు కట్టటం. మట్టి గుల్లగా అవుతుంది, వాన నీరు దిగుతుంది, వేరుకు గాలి ఆడుతుంది. కార్క్ వానల్లో ఇది చిన్న విషయం కాదు. నీరు నిలిచిన మట్టిలో బుడిపెకు ఊపిరి ఆడదు.

ఆ ఇల్లు ఎంతకాలం నిలుస్తుందో తెలుసా? ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో హూస్‌ఫీల్డ్ అనే పొలం ఉంది. అక్కడ బార్లీ వేసే ఒక మడికి 1852 నుంచి 1871 దాకా ఏటా పశువుల ఎరువు వేసి ఆపేశారు. ఆ తరువాత ఒక్క తట్ట కూడా వేయలేదు. నూరేళ్ళు దాటినా ఆ మడిలో సేంద్రియ పదార్థం, ఎప్పుడూ ఎరువు వేయని పక్క మడి కంటే ఎక్కువే ఉంది. మన వాళ్ళతో ట్రూరో ఓడ మద్రాసు నుంచి వచ్చి డర్బన్ చేరింది 1860 నవంబరు 16న. ఆ రోజుల్లో వేసిన పేడ అది!

ఇక జీవన ఎరువుల సంగతి. గుడిలో ఆదివారం క్లాసుల్లో నేర్చుకున్న తెలుగు నాది. అక్కడ భజనలు, పద్యాలు వచ్చాయి గానీ "జీవన ఎరువు" అనే మాట నాకు ఈ ఏడాదే తెలిసింది. మంచి మాట. పొట్లంలో ఉన్నది మందు కాదు, ప్రాణం ఉన్నది. ఆ సంగతి మరచిపోయి నేను రెండో తప్పు చేశాను.

నాటాల్‌లో మా అవ్వ ఇంట్లో కంచె పొడుగునా కంది చెట్లు ఉండేవి. ఎరువు లేదు, పొట్లం లేదు, ఏటా కాసేవి. ఇక్కడ పిల్లలకు కంది మొక్క చూపిద్దామని కార్క్‌లో సరుకుల కొట్లో పొట్టు తీయని కందులు కొని, పాలిటన్నెల్‌లో కుండీల్లో వేశాను. కాయ కాస్తుందని ఆశ లేదు. కంది పొద్దు తగ్గితే గానీ పూయదు, ఇక్కడ పొద్దు తగ్గేసరికి చలి వస్తుంది. వేరు చూపిస్తే చాలనుకున్నాను. సగం కుండీలకు రైజోబియం పొట్లం కూడా వాడాను. ఆగస్టులో పీకితే ఒక్క బుడిపె లేదు, ఏ కుండీలోనూ. వేర్లు ఉతికిన దారంలా ఉన్నాయి.

పొట్లం వెనక చిన్న అక్షరాలు అప్పుడు చదివాను. అది బఠాణీకి, బ్రాడ్ బీన్స్‌కు చేసినది. పైగా దాన్ని మూడు వారాలు హాట్ ప్రెస్‌లో పెట్టాను. ఇక్కడి వాళ్ళకు తెలుసు, వేడి నీళ్ళ ట్యాంకు ఉండే అలమారా అది, బట్టలు ఆరటానికి వాడతాం. లోపల ఉన్న జీవాలు ఎప్పుడో ఉడికిపోయి ఉంటాయి.

రైజోబియం అన్నిటికీ ఒకటి కాదు. కంది, మినుము, పెసర, బొబ్బర్లు, ఉలవ, మన చిక్కుడు, వేరుశనగ దాదాపు ఒక జట్టు. బఠాణీ, మిసూర్ పప్పు, బ్రాడ్ బీన్స్ ఇంకో జట్టు. శనగకు దానిదే వేరు. ఫ్రెంచ్ బీన్స్‌కు మళ్ళీ వేరు. ఐర్లండు మట్టిలో రెండో జట్టు సమృద్ధిగా ఉంది. అందుకే బ్రాడ్ బీన్స్‌కు ఇక్కడ పొట్లం దండగ, మట్టిలోనే తోడు దొరుకుతుంది. నా కుండీలోని కందికి మాత్రం ఎవరూ లేరు.

మరి అవ్వ కంచె దగ్గర ఎవరు ఉన్నారు? దీని గురించి చాలా ఆలోచించాను. కంది పుట్టిల్లు ఇండియా. కానీ బొబ్బర్ల పుట్టిల్లు ఆఫ్రికా. మన వాళ్ళు దిగకముందు ఎన్నో వందల ఏళ్ళుగా ఆఫ్రికా రైతులు బొబ్బర్లు పండిస్తూ వచ్చారు. బొబ్బర్ల జట్టే కంది జట్టు. ఓడ దిగిన కందికి తోడు ఆ నేలలోనే సిద్ధంగా ఉంది. మా అవ్వకు అది చెయ్యి మహిమ అనిపించేది. మాకూ అలాగే అనిపించేది. బుడిపెల్లో జరిగేది ఏమిటో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ తేల్చింది 1880ల్లో. రైజోబియం పొట్లం మొదటిసారి అమ్మకానికి వచ్చింది 1896లో, అదీ అక్కడే, నైట్రాజిన్ అనే పేరుతో. కంది అప్పటికే మన కంచెల మీద కాసింది.

పొట్లాలు రాకముందు రైతులు పాత పొలం మట్టి నాలుగు తట్టలు తెచ్చి కొత్త పొలంలో చల్లేవాళ్ళు. అవ్వ ఇంటి మట్టి ఒక పిడికెడు ఉంటే చాలని నాకూ అనిపించింది. అలా చేయకూడదు. దక్షిణాఫ్రికా నుంచి ఇక్కడికి మట్టి తేవటం నిషేధం, విత్తనాలకు కూడా ఆరోగ్య పత్రం కావాలి. మట్టితో పాటు తెగుళ్ళు కూడా ఓడెక్కుతాయి. సెలవులకు వెళ్ళే మీరు సూట్‌కేసులో దాచి తేవద్దు, బంధువులను తెమ్మనవద్దు.

ఆంధ్రలో పద్ధతి వేరు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో వరి కోతకు కొద్ది రోజుల ముందు, పైరు నిలిచి ఉండగానే మినుములు చల్లుతారు. నెలల తరబడి నీళ్ళు నిలిచిన మడిలో ఈ సూక్ష్మజీవులు తగ్గిపోతాయి. దున్ని ఎరువు కలిపే అవకాశం లేదు. అందుకని విత్తనానికే పట్టిస్తారు. కొత్తగా అపరాలు వేసే చేలకు ఇది తప్పనిసరి అని అక్కడి వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. సుమారు 8 కిలోల విత్తనానికి 200 గ్రాముల పొట్లం. బెల్లం నీళ్ళు కాచి, పూర్తిగా చల్లార్చి, విత్తనాల మీద చిలకరించి, పొడి కలిపి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తుతారు. మీరు ఇంట్లో పిడికెడు గింజలకు ఒక చెంచా పొడి కలిపినా పద్ధతి ఇదే. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి రాత్రంతా నిలవ ఉంచిన నీళ్ళు వాడండి. గడువు తేదీ చూడండి. ఎండలో పెట్టకండి. హాట్ ప్రెస్‌లో అసలే వద్దు.

2016 నుంచి ఆంధ్రలో రైతు సాధికార సంస్థ ద్వారా సాగుతున్న ప్రకృతి వ్యవసాయంలో జీవామృతం ఎక్కువగా వాడతారు. ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి, వీటితో పాటు పిడికెడు గట్టు మట్టి. ఆ పిడికెడు మట్టి ఎందుకో నాకు కంది కుండీల తరువాతే అర్థమైంది. అయితే నా అభిప్రాయం చెప్పాలి కదా: మట్టి పుల్లగా ఉంటే ఏ పొట్లమూ, ఏ కషాయమూ నిలవదు. కార్క్ చుట్టుపక్కల చాలా నేలలు ఆమ్లం వైపు ఉంటాయి. ముందు పీహెచ్ చూపించుకోండి, 6.5 దగ్గరికి రాకపోతే సున్నపురాయి పొడి వేయండి. భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా పొట్లాలు కూడా అమ్ముతారు. వాటి మాట సున్నం తరువాత.

సేంద్రియం అన్నదంతా మంచిది కాదని ఇంకో సాక్ష్యం చెప్పి ఆపుతాను. ఇంగ్లండులోనే వోబర్న్‌లో 1942 నుంచి 1961 దాకా ఒక పొలానికి పట్టణాల మురుగు మడ్డి ఎరువుగా వేశారు. అందులో జింకు, కాడ్మియం లాంటి లోహాలు ఉన్నాయి. ఆపేసి ఇరవై ఏళ్ళు దాటాక అక్కడ క్లోవర్ వేస్తే మొక్కలు నీరసంగా పాలిపోయాయి. వేర్లకు బుడిపెలు ఉన్నాయి, చిన్నవి, నత్రజని ఇవ్వనివి. పనిచేసే రకం చచ్చిపోయి, తిని కూర్చునే రకం మిగిలింది. 1988లో అది అచ్చయింది. మా ఊరి వంతెన దాటితే హాల్‌బౌలిన్ దీవి. అక్కడి ఉక్కు కర్మాగారం 2001లో మూతపడింది. అది పోసిన చిట్టెం గుట్టను ప్రభుత్వం కప్పి, శుభ్రం చేసి, పార్కు చేసింది. ఇప్పుడు పిల్లలతో అక్కడికి నడకకు వెళ్తాం. అయినా మడికి వేసే సముద్రపు నాచు మాత్రం హార్బర్ లోపల ఏరను, బయటి తీరానికి కారులో వెళ్ళి తెస్తాను. నాది అతి జాగ్రత్త కావచ్చు. ఎరువు ఎక్కడిదో అడగటం మాత్రం మీరు మానకండి.

ఇదంతా పోయిన వారం చాట్స్‌వర్త్ పెద్దావిడకు ఫోన్‌లో చెప్పాను. ఆవిడ ఫోన్ పట్టుకునే పెరట్లోకి వెళ్ళి ఒక బీన్స్ మొక్క పీకారు. "ఉన్నవి రెండే, తెల్లగానే ఉన్నాయి" అన్నారు. కాసేపటికి, "కంచె పక్కన కంది చెట్టు ఉంది, మా అత్తగారు పెట్టిన గింజ నుంచి వచ్చింది, అది మాత్రం పీకను" అన్నారు. పీకక్కర్లేదు, పక్కగా తవ్వి ఒక చిన్న వేరు చూడండి చాలు అన్నాను. గునపం కోసం మనవణ్ణి కేకేయటం వినపడింది.