తప్పు రికార్డుది కాదు!

అటక మీది ఎల్పీ రికార్డులు కిందికి దిగుతాయి. మెత్తటి గుడ్డతో దుమ్ము దులుపుతారు. కుర్రాడు తన జీతం డబ్బుతో కొన్న కొత్త టర్న్‌టేబుల్ తీగల్ని యాంప్లిఫయర్ వెనకున్న ‘ఆక్స్’లో గుచ్చుతాడు. నాన్న, అమ్మ, నాయనమ్మ... అందరూ చుట్టూ చేరతారు. ముల్లు ఆన్చగానే ఘంటసాల గొంతు ఎక్కడో పక్కవీధి నుంచి వస్తున్నట్టు వినపడుతుంది! వాల్యూమ్ ఎంత తిప్పినా అంతే. తబలా దెబ్బ ఆనదు. ‘స’ అన్న చోటల్లా ఈల. ‘‘పాతబడిపోయాయిరా, ఇక పాడవు’’ అనేస్తుంది నాయనమ్మ.

మళ్లీ రికార్డుల మోజు మొదలయ్యాక చాలా ఇళ్లలో ఎదురయ్యే అనుభవమే ఇది. ఆ మాటతోనే రికార్డులు తిరిగి అటకెక్కుతాయి. లేదంటే పాత సామాన్ల బండెక్కుతాయి. నిజానికి చాలాసార్లు వాటి తప్పేమీ ఉండదు. మధ్యలో ఉండాల్సిన ఓ చిన్న పెట్టె లేదు, అంతే. దాని పేరు ఫోనో ప్రీయాంప్లిఫయర్. వాడుకలో ‘ఫోనో ప్రీయాంప్’.

చీమంత గొంతు

రికార్డు గాడిలో ముల్లు కదిలితే కార్ట్రిడ్జిలో విద్యుత్తు పుడుతుంది. ఎంత? ఎక్కువమంది వాడే మూవింగ్ మ్యాగ్నెట్ రకంలో 3 నుంచి 5 మిల్లీవోల్టులు. అదే సీడీ ప్లేయర్ నుంచి వచ్చేది గరిష్ఠంగా 2 వోల్టుల దాకా ఉంటుంది. అంటే 400 రెట్లకు తక్కువ కాదు! అంత గట్టిగా మాట్లాడేవాళ్లకు అలవాటుపడ్డ ‘ఆక్స్’కి ఈ చీమ గొంతు ఎక్కడ వినపడుతుంది? అందుకే ఫోనో ప్రీయాంప్ దాన్ని ముందుగా 100 రెట్ల దాకా పెంచి యాంప్లిఫయర్‌కి అందిస్తుంది.

కావాలనే వంచారు

పెంచితే సరిపోతుందా అంటే, సరిపోదు. రికార్డులో పాట ఉన్నదున్నట్టుగా ఉండదు మరి. బేస్ శబ్దాన్ని ఉన్నంతా చెక్కితే ముల్లు అటూ ఇటూ బాగా ఊగి పక్క గాడిలోకి వెళ్లిపోతుంది. గాడుల్ని దూరం జరిపితే ఒక వైపు నాలుగు పాటలు పట్టవు. అందుకని చెక్కేటప్పుడే బేస్‌ని తగ్గిస్తారు. అన్నిటికన్నా అడుగున ఉండే బేస్‌నైతే దాదాపు పదో వంతుకు కుదిస్తారు. సన్నటి శబ్దాల్ని మాత్రం పెంచుతారు, రికార్డు గరగరలో కలిసిపోకుండా.

అప్పడాన్ని ఎండబెట్టి దాచుకుని, తినేముందు వేయించుకున్నట్టే ఇదీ. వేయించే పని ఫోనో ప్రీయాంప్‌ది. తగ్గించిన బేస్‌ని అదే కొలతలో పెంచి, పెంచిన ట్రెబుల్‌ని అదే కొలతలో తగ్గిస్తుంది. ఒకప్పుడు ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. 1954లో అమెరికాలోని రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఆర్‌ఐఏఏ ఒకే కొలత ఖాయం చేసింది. ప్రపంచమంతా క్రమంగా దాన్నే పట్టుకుంది. ఆ కొలత ప్రకారం సరిచేయకుండా వింటున్నామంటే పచ్చి అప్పడం నములుతున్నామన్నమాటే!

‘మరి మా కాలంలో ఈ పెట్టె లేదే?’ అని నాయనమ్మ అడగొచ్చు. నిజమే. అప్పటి సూట్‌కేసు ప్లేయర్లలో చాలావాటికి సిరామిక్, క్రిస్టల్ కార్ట్రిడ్జిలు ఉండేవి. వాటి గొంతు పెద్దది, ఈ పెట్టె అవసరం పడేది కాదు. మంచి స్టీరియోల్లో ఈ సర్క్యూట్ లోపలే ఉండేది, వెనకాల ‘ఫోనో’ అని రాసి ఉండేది. సీడీలు వచ్చాక ఖర్చు తగ్గించుకోవడానికి చాలా కంపెనీలు దాన్ని తీసేశాయి.

విడిగా ఎందుకు?

ఇప్పటి టర్న్‌టేబుళ్లలో చాలావాటికి లోపలే ఓ ప్రీయాంప్ ఉంటోంది. మొదలుపెట్టడానికి అది చాలు. కాకపోతే తక్కువ ధర మోడళ్లలో అది చవక సర్క్యూట్, పైగా మోటారు పక్కనే కాపురం. మిల్లీవోల్టుల్ని పెంచేటప్పుడు దగ్గర్లోని కరెంటు సొద కూడా దాంతోపాటే పెరుగుతుంది. మంచిదాన్ని విడిగా పెట్టుకుంటే ఆ సొద తగ్గుతుంది. పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దం నిజంగా నిశ్శబ్దంలా ఉంటుంది. రేగా, ప్రో-జెక్ట్, కేంబ్రిడ్జ్ ఆడియో లాంటి కంపెనీలు వీటిని తయారుచేస్తున్నాయి. ధరలు కొన్ని వేల రూపాయలతో మొదలై లక్ష దాటిపోతాయి. మామూలు టర్న్‌టేబుల్‌కి లక్ష రూపాయల పెట్టె అక్కర్లేదు.

కొనేముందు ఇవి చూసుకోండి...

* టర్న్‌టేబుల్ వెనక ‘ఫోనో/లైన్’ మీట ఉందా? ఆక్స్‌కి పెట్టేటప్పుడు అది ‘లైన్’ వైపు ఉండాలి. ఒక్కోసారి పైసా ఖర్చు లేకుండా సమస్య ఇక్కడే తీరిపోతుంది.

* విడి పెట్టె కొంటే మీటను ‘ఫోనో’కి మార్చాలి. మరిచిపోతే రెండు ప్రీయాంప్‌లు ఒకదాని మీద ఒకటి పెంచి శబ్దం బద్దలవుతుంది. స్పీకర్లకీ ప్రమాదమే.

* కార్ట్రిడ్జి ఏ రకమో తెలుసుకోండి. మూవింగ్ మ్యాగ్నెట్‌కి 47 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న మామూలు పెట్టె చాలు. మూవింగ్ కాయిల్ రకాల్లో ఎక్కువ భాగం అర మిల్లీవోల్టు కూడా ఇవ్వవు. వాటికి 1000 రెట్ల దాకా పెంచే పెట్టె కావాలి.

* గుంయ్‌మని మోత వస్తుంటే టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి ఎర్త్ తీగను ప్రీయాంప్ వెనకున్న మరకు బిగించి చూడండి.

* లక్కతో చేసిన 78 రికార్డుల గాడి వెడల్పు. వాటికి ముల్లే వేరు. ఎల్పీ ముల్లుతో వాటిని వినొద్దు.

ముందు ముల్లు!

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. అరిగిన ముల్లు పాటను పాడుచేయడమే కాదు, గాడినే చెక్కేస్తుంది. పెట్టె ఇవాళ కాకపోతే వచ్చే నెల కొనుక్కోవచ్చు. చెక్కుకుపోయిన గాడిని మాత్రం ఏ ప్రీయాంపూ వెనక్కి తేలేదు. కాబట్టి చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే మొదట కొత్త ముల్లు కొనండి. బరువు కంపెనీ చెప్పినంతే పెట్టండి. చాలా కార్ట్రిడ్జిలకు అది 2 గ్రాములకు అటూఇటూగా ఉంటుంది. ఆ తర్వాతే పెట్టె సంగతి.

అన్నీ అమరాక అదే రికార్డు మళ్లీ పెట్టి చూడండి. పక్కవీధిలో ఉన్న ఘంటసాల హాల్లోకి వచ్చి కూర్చుంటారు. తబలా దెబ్బకి కిటికీ అద్దం అదిరినా అదురుతుంది.

అప్పుడు నాయనమ్మే అంటుంది... ‘‘కాస్త సౌండు తగ్గించరా!’’