ఎడిటర్ పెట్టడం పది నిమిషాల పనేనా?

ఏ ప్రాజెక్టు ఎస్టిమేషన్ షీట్ తీసినా అందులో ఒక లైను ఉంటుంది. "రిచ్ టెక్స్ట్ ఎడిటర్ - 4 గంటలు". ఆ నాలుగు గంటలు కూడా క్లయింటు ముందు బాగుండాలని వేసేవే. అది పది నిమిషాల పని అని లోపల మనందరికీ తెలుసు. ఒక స్క్రిప్టు ట్యాగు, ఒక టెక్స్ట్ ఏరియా, మూడు లైన్ల జావాస్క్రిప్టు... అంతే, పేజీలో ఓ బుల్లి వర్డ్ ప్రత్యక్షం. డెమోలో బోల్డు నొక్కి చూపిస్తే మేనేజరు గారు కూడా తలూపేస్తారు.

నేనూ పోయినేడాది దాకా అలాగే అనుకునేవాణ్ణి.

మా హైస్కూలు పూర్వ విద్యార్థులకి ఒక సైటు చేసిపెట్టమని మా బ్యాచ్ వాళ్ళు అడిగారు. మాది దివిసీమలో జిల్లా పరిషత్ స్కూలు. నేను టెన్తు పాసైన 2013లోనే మా తెలుగు మాస్టారు రిటైరయ్యారు. ఆయన చేత పాత సంగతులు రాయించి సైట్లో పెడదామన్నది అందరి కోరిక. మాస్టారు వాళ్ళబ్బాయి వదిలేసిన పాత లాప్‌టాప్ మీద ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే కీబోర్డు నేర్చుకుని మరీ సిద్ధమయ్యారు. నేను రెండు శనివారాల్లో పీహెచ్‌పీలో సైటు రాసేసి, టైనీఎంసీఈ తగిలించేశాను.

మొదటిరోజే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది. డేటాబేసు టేబులు లాటిన్-1లో ఉంది, నేను చూసుకోలేదు. దాన్ని యూటీఎఫ్-8కి మార్చాల్సింది పోయి ఏం చేశానంటే, ఎడిటర్ సెట్టింగుల్లో ఎంటిటీ ఎన్‌కోడింగ్ అని ఒకటుంది, దాన్ని 'న్యూమరిక్' చేశాను. అప్పుడు ప్రతి తెలుగు అక్షరమూ ఓ అంకెల కోడ్‌గా మారి వెళ్తుంది. బ్రౌజరు దాన్ని మళ్ళీ తెలుగుగానే చూపిస్తుంది. వెంటనే పనిచేసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. (ఇలా మురిసిపోయిన ప్రతిసారీ తర్వాత ఎక్కడో దెబ్బ తగులుతూనే ఉంటుంది, అయినా బుద్ధి రాదు.)

తర్వాత మాస్టారు ఫోన్ చేసి, "ఒరే, వర్డులో శీర్షికలకి ఎర్రరంగు వేశాను, ఇక్కడ అతికిస్తే పోతోందేమిట్రా?" అన్నారు. స్టైళ్ళు తీసేసే సెట్టింగుని ఆపేసి, "ఇప్పుడు చూడండి మాస్టారూ" అన్నాను. ఆయన చాలా సంతోషించారు.

ఆయన 1977 ఉప్పెన గురించి పదకొండు పేజీలు రాశారు. నవంబరు 19 పొద్దున మొదలుపెట్టి, ఆ రాత్రి, ఆ తర్వాత వారం రోజులు. వర్డులోంచి కాపీ చేసి ఎడిటర్లో అతికించారు. మొత్తం పదకొండు పేజీలూ రంగులతో సహా కనపడ్డాయి. సేవ్ నొక్కారు. "సేవ్ అయింది" అని ఆకుపచ్చ పెట్టెలో వచ్చింది. ఆ మెసేజీ రాసింది నేనే. సైట్లో భద్రంగా ఉంది కదా అని ఆయన వర్డు ఫైల్లో పాతది చెరిపేసి, అందులోనే తర్వాతి వ్యాసం మొదలుపెట్టారు.

మూడు వారాల తర్వాత మా క్లాస్‌మేటు చదువుతూ అడిగాడు, "మిగతాది ఎప్పుడు పెడతారు?" అని. చూస్తే నాలుగో పేజీ మొదట్లో, సాయంత్రం గాలి పెరుగుతోంది అన్న దగ్గర, మాట మధ్యలో తెగిపోయింది. పేజీ కింద ఉండాల్సిన ఫుటరు కూడా లేదు, ఏదో ట్యాగు మూతపడకుండా ఉండిపోయినందుకు. బ్యాకప్పులు తీసి చూశాను. అవీ అంతే, అసలు డేటాబేసులోకి వెళ్ళింది అంతవరకే మరి.

కారణం తెలుసుకోడానికి అరగంట కూడా పట్టలేదు. మైఎస్‌క్యూఎల్‌లో 'టెక్స్ట్' అనే కాలమ్‌లో పట్టేది 65,535 బైట్లు. అక్షరాలు కాదు, బైట్లు. తెలుగు కోడ్ ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. నా అంకెల తెలివితేటల వల్ల అది 7 బైట్లయింది. 'లక్ష్మి' అని రాస్తే కంటికి రెండే అక్షరాలు. లోపల ఒత్తులూ గుడీ కలిపి 7 కోడ్‌లు, అంటే 49 బైట్లు! ఆ లెక్కన ఆ కాలమ్‌లో పట్టేది 9,362 కోడ్‌లు మాత్రమే. దానికి తోడు వర్డ్ నుంచి వచ్చిన ఫాంటు పేర్లూ, రంగులూ, ప్రతి పేరాకీ చుట్టిన స్టైళ్ళూ. ఆయన ఎర్ర శీర్షికల కోసం ఆయన వ్యాసాన్నే బయటికి నెట్టేశానన్నమాట.

పట్టకపోతే డేటాబేసు ఎర్రర్ ఇవ్వాలి కదా అంటారేమో. ఇస్తుంది, స్ట్రిక్టు మోడ్‌లో ఉంటే. మైఎస్‌క్యూఎల్ 5.7 (2015) నుంచి అదే డిఫాల్టు కూడా. కానీ నేను పాత ప్రాజెక్టు నుంచి ఎత్తుకొచ్చిన కనెక్షన్ ఫైల్లో ఆ మోడ్‌ని ఎవరో ఖాళీ చేసి పెట్టారు. దాంతో డేటాబేసు మిగిలింది కోసేసి, ఒక వార్నింగు రాసుకుని ఊరుకుంది. ఆ వార్నింగు ఎవరు చూస్తారు?

మాస్టారికి ఫోన్ చేసి చెబితే ఆయనన్న మొదటి మాట, "నేనే ఏదో నొక్కుంటానురా. నాకీ కంప్యూటరు సరిగ్గా రాదుగా."

నాకు చిరాకు పుట్టించేది ఇదే. ఈ ఎడిటర్ల మాటే "చూస్తున్నదే వస్తుంది" అని. వాడేవాళ్ళు అది నమ్ముతారు. పోయినప్పుడు తప్పు తమదే అనుకుంటారు. మనమేమో 'యూజర్ ఎర్రర్' అని టికెట్ మూసేస్తాం.

నా అభిప్రాయం ఒకటే. ఎడిటర్ అంటే ఆ టూల్‌బార్ కాదు. అతికించిన దగ్గర్నుంచి మళ్ళీ పేజీలో కనపడేదాకా ఉన్న దారంతా. బ్రౌజర్లో రాసుకునే సదుపాయం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5తో 2000లోనే వచ్చింది. 2003లో ఎఫ్‌సీకేఎడిటర్ (2009 నుంచి సీకేఎడిటర్), 2004లో టైనీఎంసీఈ వచ్చి టూల్‌బార్ గొడవ దాదాపు తీర్చేశాయి. మిగిలిన దారి వాళ్ళు వెయ్యలేరు, మనమే వేసుకోవాలి. ఎస్టిమేషన్ షీట్‌లో ఆ దారికి ఒక్క గంట కూడా ఉండదు.

బటన్ల విషయానికొస్తే, నేనిప్పుడు పిసినారిని. బోల్డు, శీర్షిక, లిస్టు, లింకు, బొమ్మ, అన్‌డూ. అంతే. ఫాంటు లేదు, సైజు లేదు, రంగు అసలే లేదు. శీర్షిక ఏ రంగులో ఉండాలో సైటు స్టైల్‌షీట్ చెబుతుంది. ఇటాలిక్ కూడా తీసేశాను. మామూలు తెలుగు ఫాంటుని బ్రౌజరు బలవంతంగా పక్కకి వంచితే గాలికి పడిపోతున్న పందిరిలా ఉంటుంది. క్లయింటు "వర్డులో ఉన్నవన్నీ కావాలి" అంటాడు. ఆ మాటకి తలూపడమే అసలు తప్పు. మాస్టారి రంగు విషయంలో నేను చేసిందదే.

సర్వర్ వైపు శుభ్రం చెయ్యడం మాత్రం తప్పదు. టూల్‌బార్‌లో బటన్ లేదు కాబట్టి స్క్రిప్టు ట్యాగు రాదనుకునేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాను. ఎడిటర్‌తో పనిలేకుండా ఎవడైనా నేరుగా ఫారం పంపొచ్చు. పీహెచ్‌పీకి హెచ్‌టీఎంఎల్ ప్యూరిఫయర్ 2006 నుంచీ ఉంది, అది పెట్టాను. అక్కడితో ఆగకుండా 'కనపడని అక్షరాలు' తీసేసే లైను ఒకటి సొంతంగా రాశాను. మర్నాడే మాస్టారి ఫోను. "రాజ్‌కుమార్ కాస్తా రాజ్కుమార్ అయ్యాడేమిట్రా!" పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపే కనపడని అక్షరం ఒకటుంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. అదికూడా చెత్తే అనుకుని ఊడ్చేశాను. 'సాఫ్ట్‌వేర్' అని సరిగ్గా రాయాలన్నా అది కావాలి. మన ఉద్యోగం పేరే అది లేకుండా నిలబడదు :)

మార్క్‌డౌన్ పెట్టొచ్చుగా అన్నాడు ఓ మిత్రుడు. మనకి బావుంటుంది. డెబ్భై ఏళ్ళాయనకి మాటకి అటూ ఇటూ చుక్కలు పెట్టమని చెప్పే ధైర్యం నాకు లేదు. వర్డ్‌ప్రెస్ వేసుండాల్సింది అన్నాడు ఇంకొకడు. నిజమే. వాళ్ళు పోస్టు బాడీకి లాంగ్‌టెక్స్ట్ కాలమ్ వాడారు, నాలా కక్కుర్తి పడలేదు.

ఇప్పుడు టేబులు యూటీఎఫ్8ఎంబీ4లో ఉంది, కాలమ్ మీడియంటెక్స్ట్, స్ట్రిక్టు మోడ్ వెనక్కి వచ్చింది, అంకెల కోడ్‌లు పోయాయి. వాటితోపాటు ఇంకో జబ్బూ పోయింది. ఇన్నాళ్ళూ సైట్లో తెలుగు మాట వెతికితే ఒక్క ఫలితం కూడా వచ్చేది కాదు, ఎవరూ గమనించలేదు. సేవ్ చేశాక డేటాబేసులోంచి మళ్ళీ చదివి, పంపినదానితో పోల్చి, రెండూ ఒకటైతేనే ఆ ఆకుపచ్చ పెట్టె చూపిస్తున్నాను. దీనికి పట్టింది ఆరు లైన్లు.

మాస్టారు ఉప్పెన వ్యాసం మళ్ళీ రాస్తున్నారు. ఈసారి ముందు నోటుబుక్కులో, తర్వాత కంప్యూటర్లో. మొదటిసారి రాసినట్టు రావట్లేదంటారు. పేజీ ఎక్కించిన ప్రతిసారీ నాకు ఫోన్ చేసి, చివరి వాక్యం చదివి వినిపించి, "అక్కడిదాకా పడిందా లేదా, నీ కళ్ళతో చూసి చెప్పు" అంటున్నారు. ఆకుపచ్చ పెట్టె వచ్చింది కదా మాస్టారూ అంటే వినరు.