ఆటలు పెట్టండి, కానీ పంతులమ్మను తీసేయకండి



కార్యవర్గం ముందున్న ప్రతిపాదన మీరూ వినే ఉంటారు. సాయంత్రం ఒకటి నుంచి నాలుగో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే పంతులమ్మను మానిపించి, ఆ జీతం డబ్బుతో ట్యాబులు కొని, వాటిలో లెక్కల ఆటలు వేసి ఇద్దామట. "పిల్లలు ఇష్టంగా ఆడతారు, వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు, నెలనెలా జీతం బాధ ఉండదు" అంటున్నారు. నేను దీన్ని ఒప్పుకోను. ఎందుకో చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి.

మన షోలాపూర్ పిల్లలు ఇంట్లో "ఇరవై తొమ్మిది" అంటారు. శాళలో అదే "ఏకోణ్‌తీస్", అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ముప్పై ఒకటేమో "ఏక్‌తీస్". చెవికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి! మొన్న రెండో తరగతి పిల్లాడొకడు మొబైల్‌లో ఆడుతుంటే పక్కన కూర్చున్నా. ఫోను "ఏకోణ్‌తీస్" అంది. వాడు 31 నొక్కాడు. ఎర్ర గుర్తు పడింది. ఇంకోటి నొక్కాడు, మళ్లీ ఎర్ర గుర్తే. మూడోసారి గుడ్డిగా 29 నొక్కితే నక్షత్రాలు రాలాయి, వాడు పై మెట్టుకు పోయాడు. ఏం నేర్చుకున్నాడు? ఏమీ లేదు.

పంతులమ్మ ఫోను పక్కన పెట్టించి, ముప్పై చింతగింజలు లెక్కపెట్టించింది. ఒకటి తీసేయించింది. "ఇప్పుడు ఎన్ని రా?" "ఇరవై తొమ్మిది." "అదే ఏకోణ్‌తీస్." వాడి మొహం వెలిగింది. తప్పు జరిగిందని ఆట చెప్పగలదు. ఆ తప్పు తెలుగుకూ మరాఠీకీ మధ్య పుట్టిందని రెండూ తెలిసిన మనిషికే తెలుస్తుంది.

ఈ ఇబ్బంది మన పిల్లలదే కాదు. 2019లో బాలభారతి రెండో తరగతి గణితం పుస్తకంలో "ఏక్‌వీస్"ను "వీస్ ఏక్" అని కూడా చదివే పద్ధతి పెడితే రాష్ట్రమంతా గొడవైంది. గణిత సమితి అధ్యక్షురాలు మంగళా నార్ళీకర్ గారు దాన్ని సమర్థించారు. మన "ఇరవై ఒకటి" ఎప్పటినుంచో ఆ వరుసలోనే ఉంది. బీడీలు చుట్టి వెయ్యి లెక్కన అప్పజెప్పే మన అమ్మలు ఆ తెలుగు అంకెలతోనే లెక్క తప్పకుండా బతికారు. ఆ బలాన్ని వాడుకోకుండా పిల్లాణ్ణి ఫోనుకు వదిలేస్తామా?

"ఆటలతో లెక్కలు వస్తాయని పరిశోధనలే ఉన్నాయి కదా" అనేవాళ్లకూ జవాబుంది. నిజమే, ఉన్నాయి. వడోదర మునిసిపల్ బడుల్లో నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు కంప్యూటర్‌లో లెక్కల ఆటలు పెడితే మార్కులు బాగా పెరిగాయి. కానీ అక్కడ పక్కన నేర్పే మనుషులున్నారు. అయినా ఏడాది తిరిగేసరికి ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. అదే గుజరాత్‌లో జ్ఞాన్‌శాలా బడుల్లో ఇంకా స్పష్టంగా తేలింది. పాఠానికి బదులు కంప్యూటర్ పెట్టినచోట పిల్లలు వెనకబడ్డారు. పాఠం అయ్యాక అదనంగా పెట్టినచోట లాభపడ్డారు. మనం చేయబోయేది ఈ రెంటిలో ఏది? మీరే చెప్పండి.

ఖర్చు మాట కూడా పూర్తిగా చూద్దాం. ట్యాబు పగిలితే, బ్యాటరీ పోతే మళ్లీ చందాలకు ఇంటింటికీ తిరగాల్సింది మనమే.

నేను కోరేది ఇది. పంతులమ్మ జీతం ఆగకూడదు. ట్యాబులు కొనాలంటే రెండో మూడో చాలు. ముందు నలభై నిమిషాలు పాఠం, తర్వాత పదిహేను నిమిషాలు ఆట. ఒక్కో ట్యాబు దగ్గర ఇద్దరు పిల్లలు కూర్చోవాలి, నొక్కేముందు ఒకరు అంకెను తెలుగులో, ఇంకొకరు మరాఠీలో పైకి చెప్పాలి. మూడు నెలలయ్యాక ఫోను లేకుండా, నోటితోనూ పలక మీదా పరీక్ష పెడదాం. ఫలితం అందరి ముందు పెడదాం.

వచ్చే మీటింగులో దీని మీద ఓటింగు ఉంది. ఇక్కడ లైక్ కొట్టి ఊరుకోకండి. వచ్చి చెయ్యెత్తండి.