వైరింగుకు నిబంధనా కావాలి, నేర్పూ కావాలి

తెనాలిలో కొట్టు పెట్టినా, బాపట్లలో బియ్యం మిల్లు పెట్టినా, రేపల్లె వైపు ఐసు ఫ్యాక్టరీ కట్టినా యజమాని ముందుగా అడిగేది ఒక్కటే: "ఎంతలో తేలుతుంది?" ఎర్తు గొయ్యి సంగతి వచ్చేసరికి "తరువాత చూద్దాం" అంటాడు. ఆ తరువాత ఎన్నటికీ రాదు.

వైరింగు పనిని లైసెన్సు గల కాంట్రాక్టరే, అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజరు పర్యవేక్షణలో చేయాలని 1956 నాటి భారత విద్యుత్తు నిబంధనలే చెప్పాయి. వాటి స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, తిరిగి 2023లోను భద్రతా నిబంధనలు తెచ్చింది. న్యూట్రల్ తీగకు ఫ్యూజు పెట్టరాదు. మోటారు చట్రానికి ఎర్తు ఉండి తీరాలి. ఇవి ఊరికే రాసిన మాటలు కావు. ప్రాణాలు పోయాక నేర్చుకున్న పాఠాలు.

అయితే పుస్తకం అన్ని ఊళ్లకూ ఒక్కటే, నేల మాత్రం ఒక్కటి కాదు. తెనాలి నల్లరేగడి ఎండాకాలంలో బీటలు వారుతుంది. తేమ పోతే ఎర్తు పనితనం తగ్గుతుంది. బాపట్ల ఇసుక నేల నీటిని నిలుపుకోదు. రేపల్లె దిగువ ఉప్పు నేలలో కరెంటు సులువుగానే దిగుతుంది గాని, గొట్టాన్ని తుప్పు త్వరగా తినేస్తుంది. మిల్లులో తవుడు దుమ్ము స్విచ్చి పెట్టెల్లోకి చేరుతుంది. గొట్టం ఎక్కడ దించాలో, ఏ నెలలో కొలిచి చూడాలో చెప్పవలసినవాడు అనుభవం గల పనివాడే.

ఆ అనుభవం నిబంధనకు అదనంగా కలవాలే గాని దానిలో కోత పెట్టరాదు. "ఇరవై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం" అనడం నేర్పు కాదు. ఫ్యూజు పదేపదే పోతోందని లావు తీగ చుట్టడం అంతకన్నా కాదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో జరిగిందేమిటి? ఆ ఉదయం ట్రాన్స్‌ఫార్మర్ కేబులును తగిన పనిముట్టు లేకుండానే బిగించారని దర్యాప్తులో తేలింది. సాయంత్రానికి 59 మంది చనిపోయారు.

గొయ్యి చూడకుండా చేసిన సంతకం కూడా తనిఖీ అనిపించుకోదు. కొత్తగా ఏసీయో, మోటారో చేర్చినప్పుడు లోడు మళ్లీ లెక్క కట్టాలి. ఏటా మే నెలలో ఎర్తు కొలవాలి. చేసిన మార్పు ఏదైనా కారణంతో సహా కాగితం మీద రాసి, పనిచేసినవాడు సంతకం పెట్టాలి. యజమానులు, పనివారు, అధికారులు దీనిని గమనించాలి.

ఖర్చు యజమానిది. తడి చేత్తో స్విచ్చి వేసే కూలీది మాత్రం ప్రాణం.