పేరు అడ్మిన్.. మనిషి ఎవరు?

ఇంజనీరింగ్ చదివేవాళ్లకు సెలవులకు ఊరికి పోతే ఒక ఉచిత ఉద్యోగం ఖాయం. ఫోన్ స్లో అయినా మనమే, ప్రింటర్ మొరాయించినా మనమే. "నాది సివిల్ బ్రాంచి" అని మొత్తుకున్నా ఎవరూ వినరు. నాది సీఎస్ఈ కాబట్టి తప్పించుకునే దారే లేదు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఎమ్మిగనూరులో ఉన్నా. 11వ తేదీ పొద్దున్నే ఆదోని నుంచి మా నాయన స్నేహితుడు ఫోన్ చేశాడు. ఆయనకు అక్కడ పత్తి కమీషన్ మండీ ఉంది. "ఏమప్పా, రాత్రి మా కంప్యూటర్‌లోకి ఎవరో దూరినట్టుండారు. మూడు బిల్లుల్లో అంకెలు మారినాయి. ఒకసారి వచ్చి చూస్తావా?" అన్నాడు. నాకు లోపల సంబరమే. క్లాసులో నేర్చుకున్నది ఒక్కసారైనా పనికొస్తుందని బస్సెక్కాను.

మండీలో లెక్కలు రాసే అబ్బాయి ఒకడున్నాడు. నా ఈడువాడే, డిగ్రీ మధ్యలో ఆపేశాడు. సీజన్‌లో లాట్లు ఎక్కువైనప్పుడు రాత్రిళ్లు ఇంటి నుంచే రిమోట్ డెస్క్‌టాప్‌తో బిల్లులు పూర్తి చేస్తుంటాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే పక్కనే నిలబడి చూస్తున్నాడు.

విండోస్‌లో ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో సెక్యూరిటీ లాగ్‌లో రాసి ఉంటుంది. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, గెట్-విన్‌ఈవెంట్ అనే కమాండ్‌తో 4624 నంబరు ఈవెంట్లు అడిగాను. ఎవరైనా విజయవంతంగా లాగిన్ అయితే పడే నంబరు అది. అందులో లాగాన్ టైప్ 2 అంటే మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని వచ్చినట్టు, 10 అంటే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వచ్చినట్టు. 10 ఉన్నవి మాత్రమే వడపోస్తే కావలసిన వరుస దొరికింది. 10వ తేదీ రాత్రి 11:42, యూజర్ పేరు అడ్మిన్, పక్కన ఒక ఐపీ అడ్రస్.

"రాత్రి ఎవరో బయట నుంచి అడ్మిన్ పేరుతో వచ్చారు మామా" అన్నాను, పెద్ద డిటెక్టివ్‌లాగా.

"రాత్రిపూట ఇంటి నుంచి పని చేసేది వీడొక్కడే కదా" అన్నాడాయన.

"నేను రాలేదన్నా" అన్నాడు ఆ అబ్బాయి. ఓనర్‌తో కాదు, నాతో అన్నాడు. నేను స్క్రీన్ వైపు చూస్తూ ఊరుకున్నాను. అదీ నేను చేసిన పని. మరుసటి రోజు నుంచి వాడు మండీకి రావడం మానేశాడు.

రెండు రోజుల తర్వాత జీఎస్టీ పనులు చూసే కన్సల్టెంట్ ఏదో వేరే పని మీద ఫోన్ చేసి, మాటల్లో మాటగా చెప్పాడట. 11వ తేదీ జీఎస్టీఆర్-1కు ఆఖరు రోజు కాబట్టి, ముందు రాత్రి వాళ్ల ఆఫీసు మనిషే లోపలికొచ్చి మూడు బిల్లులు సరిచేశాడని. పాస్‌వర్డ్ వాళ్లకెలా తెలుసంటారా? అది మానిటర్ అంచుకు అంటించిన చీటీ మీదే ఉంది. ప్రింటర్ బాగుచేసే ఆయనకూ తెలుసు. నేను కూడా ఆ చీటీ చూసే లాగిన్ అయ్యాను. అయినా నా బుర్రకు తట్టలేదు.

అప్పటి నుంచి నాది ఒకటే మాట. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్న చోట లాగిన్ హిస్టరీ దొంగను పట్టివ్వదు, అనుమానం పుట్టిస్తుంది. ఆ అనుమానం కూడా ఓనర్ మీదకో కన్సల్టెంట్ మీదకో పోదు. ఎదురు మాట్లాడలేనివాడి మీదకే పోతుంది.

లాగ్‌లో అబద్ధమేమీ లేదు. ఏ అకౌంట్, ఎప్పుడు, ఏ అడ్రస్ నుంచి అనే మూడే అది చెప్పింది. ఆ అకౌంట్ వెనకున్న మనిషిని చేర్చింది మేము. ఐపీ అడ్రస్ ఉంది కదా అంటారేమో. మొబైల్ డేటాలో ఒకే పబ్లిక్ ఐపీని ఒకే సమయంలో ఎంతోమంది పంచుకుంటారు. కంపెనీని అడిగితే తప్ప అది ఎవరిదో తేలదు. పైగా ఈ లాగ్ వచ్చిన సంగతి చెబుతుందే గానీ, వచ్చినవాడు ఏ బిల్లు ముట్టుకున్నాడో చెప్పదు. అది అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ రాసుకునే ఎడిట్ లాగ్ పని. కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. మండీ కంపెనీ కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మన ల్యాబ్‌లోని లైనక్స్‌లోనూ ఇదే కథ. టెర్మినల్‌లో లాస్ట్ అని కొడితే డబ్ల్యూటీఎంపీ అనే ఫైలు చదివి, వచ్చినవాళ్లనూ పోయినవాళ్లనూ వరుసగా చూపిస్తుంది. హూ అంటే ఇప్పుడు లోపల ఎవరున్నారో చెబుతుంది. లాస్ట్‌బీ అంటే విఫలమైన ప్రయత్నాలు, దానికి రూట్ అధికారం కావాలి. అయితే రూట్ అధికారం ఉన్నవాడు ఆ ఫైళ్లనే తుడిచేయగలడు. విండోస్‌లో కూడా టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ లాంటి యాప్‌లతో వచ్చినవాళ్లు టైప్ 10లో కనబడరు. వాటి లాగ్‌లు వాటికే ఉంటాయి, అక్కడ విడిగా వెతకాలి.

ఈ కథ కొత్తదేం కాదు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. క్లిఫర్డ్ స్టాల్ అనే ఖగోళ శాస్త్రవేత్త దాని వెంట పడ్డాడు. రికార్డులో కనబడిన పేర్లలో ఒకటి అక్కడ పనిచేసి ఇంగ్లండ్ వెళ్లిపోయిన మనిషిది. ఆ అకౌంట్‌ను ఎవరో వాడుతున్నారు. ఆయన పేరు దగ్గర ఆగకుండా స్టాల్ లైన్లకు ప్రింటర్లు తగిలించి, నెలల తరబడి కాపు కాసి, ఫోన్ కాల్ జాడ పట్టుకుంటూ పోతే చివరికి తేలినవాడు జర్మనీలోని మార్కస్ హెస్. 75 సెంట్ల కోసం ఆయన అంత ఓపిక పట్టాడు. ఒక మనిషి ఉద్యోగం విషయంలో నేను పది నిమిషాలు పట్టలేకపోయాను.

"అయితే లాగ్‌లు చూడటమే దండగా?" అని మా రూమ్మేట్ అడిగాడు. కాదు, ఇంకా ఎక్కువగా చూడాలి. గొడవ జరిగిన రోజు కాకుండా వారానికోసారి చూడాలి. నేను ఆ రోజు 4625లు, అంటే విఫలమైన లాగిన్లు, అడిగి ఉంటే వందల కొద్దీ కనబడేవి. తర్వాత చూస్తే కనబడ్డాయి. రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంది మరి, ఎవరెవరో పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ తలుపు తడుతూనే ఉన్నారు. సెక్యూరిటీ లాగ్ మామూలుగా 20 ఎంబీ దగ్గర నిండి పాతవి చెరిగిపోతాయి, కాబట్టి ఆలస్యం చేస్తే ఆధారమే మిగలదు. సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది కూడా. కానీ వీటన్నిటికంటే ముందు ఎవరి అకౌంట్ వాళ్లకుండాలి.

ఎమ్మిగనూరులో పుట్టినవాడికి ఇది ఎవరో చెప్పాల్సిన సంగతి కాదు. 1938లో మాచాని సోమప్ప గారు నేత కార్మికుల సహకార సంఘం పెట్టిన ఊరు మాది. మా తాత మగ్గం నేసేవాడు. ఎంత నూలు తీసుకున్నాడో, ఎంత బట్ట ఇచ్చాడో ఆయన పాస్‌బుక్‌లో ఆయన పేరు మీదే ఉండేది. పక్కింటాయన నూలు మా తాత లెక్కలో పడితే ఊరుకునేవాడా? కంప్యూటర్ వచ్చేసరికి మనం అందరి లెక్కా అడ్మిన్ అనే ఒక్క పేజీలో రాస్తున్నాం.

నవ్వకండి, మన క్లబ్ మెయిల్ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసో లెక్కపెట్టండి. నాకు తెలిసి ఆరుగురికి. పాసైపోయిన సీనియర్లను కలిపితే ఇంకా ఎక్కువే. రేపు ఎవరి కవితో డిలీట్ అయితే మనం ఎవరిని అనుమానిస్తాం? ఈ సంచిక రాగానే పాస్‌వర్డ్ మార్చి, ఎడిటర్లకు విడివిడిగా యాక్సెస్ ఇవ్వాలని నా డిమాండ్.

సెలవులు అయిపోయేలోపు మళ్లీ ఆదోని పోయాను. ఓనర్ ఆ అబ్బాయిని ఇంటికెళ్లి పిలుచుకొచ్చాడు. క్షమాపణ నేనైతే చెప్పాను. బయటి పోర్టు మూసి వీపీఎన్ పెట్టాను, చీటీ చించేశాను, ఓనర్‌కూ కన్సల్టెంట్‌కూ వాడికీ మూడు అకౌంట్లు చేశాను. "మూడు పాస్‌వర్డ్‌లు ఎవరు గుర్తు పెట్టుకుంటారప్పా?" అని ఓనర్ గొణిగాడు. మీది ఒక్కటే గుర్తు పెట్టుకోండి మామా, మిగతా రెండూ మీకు తెలియకూడదు అన్నాను.

వాడి వంతు వచ్చింది. కీబోర్డు మీద చేతులు పెట్టి నా వైపు చూశాడు.

"అన్నా, నువ్వు కొంచెం అటు తిరుగు."

తిరిగాను.