డాక్టరుకి చెబితే వద్దంటారని...

రంజాన్ నెలవంకకు ఇంకా నెల రోజులుంది. జంగారెడ్డిగూడెంలో పదేళ్లుగా షుగరు మాత్రలు వేసుకుంటున్న ఒక పెద్దాయన ఇల్లు అనుకోండి.

''రోజాల సంగతి డాక్టరుగారికి చెప్పారా అబ్బాజాన్?''

''చెబితే వద్దంటారు బేటీ. ఇన్నేళ్లలో ఒక్కటీ వదల్లేదు.''

చాలా ఇళ్లలో మాట ఇక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత జరిగేది సొంత వైద్యం. పొద్దున వేసుకునే మాత్ర సహరీకి వేసేసుకుంటారు, మధ్యాహ్నానిది మానేస్తారు. గ్లిబెంక్లమైడ్, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలకి మనిషి తిన్నాడా లేదా అన్నదాంతో పని లేదు. అవి ఇన్సులిన్‌ను ఊరిస్తూనే ఉంటాయి. సాయంత్రానికి చెమటలు, వణుకు, తడబడే మాట... ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు. 2001లో 13 దేశాల్లో పన్నెండు వేల మందికి పైగా మధుమేహ రోగులను పరిశీలించిన 'ఎపిడయార్' అధ్యయనంలో, రంజాన్ నెలలో షుగరు ప్రమాదకరంగా పడిపోవడం టైప్-2 వారిలో ఏడున్నర రెట్లు పెరిగినట్లు తేలింది. అదే టైప్-2 వారిలో నూటికి 79 మంది కనీసం పదిహేను రోజులు రోజా ఉన్నారు. అంటే 'వద్దు' అన్న ఒక్క మాటతో ఆగేవాళ్లు తక్కువ.

అలాగని అందరికీ వద్దనే అంటారనుకోవడమూ పొరపాటే. షుగరు అదుపులో ఉంటే డాక్టర్లు మందుల వేళలు మారుస్తారు. పొద్దుటి పెద్ద మోతాదు ఇఫ్తార్‌కి జరుపుతారు, కొన్నిటిని తగ్గిస్తారు, కొన్నిటిని మారుస్తారు. దానికి నెల రోజుల ముందే వెళ్లాలి, పండగ సరుకుల హడావుడిలో కాదు. ఇన్సులిన్‌తోనే బతికే టైప్-1 వారు, డయాలసిస్ మీద ఉన్నవారు, ఈ మధ్యే షుగరు పడిపోయి స్పృహ తప్పినవారు మాత్రం ఉండకపోవడమే మంచిది. రోజాలో ఉండగా షుగరు 70కి దిగినా, 300 దాటినా అప్పటికప్పుడు విరమించాల్సిందే. ఇఫ్తార్‌కి పది నిమిషాలే ఉన్నా సరే!

వేలు గుచ్చి రక్తం చూస్తే రోజా పోతుందన్న భయం ఒకటి. జెడ్డాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లోనే రక్త పరీక్షతో గానీ, ఒంట్లోకి ఆహారంగా ఎక్కించని ఇంజెక్షన్‌తో గానీ రోజా భంగం కాదని తేల్చింది.

ఎండ సంగతి వేరే చెప్పాలా? 2018లో రంజాన్ మే, జూన్ నెలల్లో వచ్చింది. పామాయిల్ తోటల్లో గెలలు కోసేవాళ్లకి రోజాకు పద్నాలుగు గంటలు దాటి నీటిచుక్క లేదు. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి మొదలవుతుంది. అప్పుడు పగలు చిన్నది. వేసవిలో కుదరని రోగికి చలికాలంలో కుదరవచ్చు. ఏటికేడు మళ్లీ అడగాల్సింది అందుకే.

ఖురాన్ రెండో అధ్యాయంలోనే (184, 185 వాక్యాలు) రోగికి వెసులుబాటు ఉంది. తగ్గే జబ్బయితే తర్వాత రోజుల్లో పూర్తిచేయాలి. తగ్గనిదైతే ఒక్కో రోజాకి ఒక్కో పేదకి అన్నం పెట్టాలి. దాన్నే ఫిద్యా అంటారు. ఇది తెలియనివాళ్లు తక్కువ. అసలు ఇబ్బంది వీధిలో ఉంటుంది. ''రోజా ఉన్నారా?'' అని ఎదురుపడ్డ ప్రతివాళ్లూ అడిగే చిన్న ఊళ్లో ''లేదు'' అనడానికి నోరు రాదు. ఆ మొహమాటం డాక్టరుకి తెలియదు, మాత్రల సంగతి ఇమాం సాబ్‌కి తెలియదు. ఆ పెద్దాయన కూతురు ఆయన్ని ఇద్దరి దగ్గరికీ తీసుకెళితే బాగుంటుంది, మందుల చీటీ చేత్తో పట్టుకుని.