వేటకథ నుండి శాస్త్రమునకు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పిల్లలకు నల్లమల పులికథలు క్రొత్తవి కావు. పులిని చక్కగా వర్ణించువాడు అడవిని ఎరిగినవాడేనని పలువురు తలంతురు. ఆ తలంపు సగమే నిజము.

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ (1896–1987) బాల్యమున వేటకథలు చదివి, వేటయన్న ఉవ్విళ్లూరినవాడే. ఒకనాడు ఆయన గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని కంఠమున పసుపుమచ్చ కనిపించెను. మరియొక బాలుడైనచో చెలికాండ్రకు కథగా చెప్పి మురిసియుండును. ఇతడు మేనమామ ప్రోద్బలముతో దానిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు కొనిపోయి, అది యే పక్షియని అడిగెను. కార్యదర్శి మిల్లార్డు పేరు చెప్పుటయే గాక, అచ్చట భద్రపరచిన పక్షులనెల్ల చూపెను.

విశ్వవిద్యాలయపు పట్టము లేకున్నను సలీం అలీ వెనుదీయలేదు. 1929లో జర్మనీకేగి స్ట్రెసెమన్ పండితునికడ శిక్షణ పొందెను. తరువాత 1931లో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలింప బయలుదేరి, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని మన్ననూరు, ఫరహాబాదు అడవులలో తిరిగెను. ఏ పక్షి, ఏ చోట, ఏనాడు కనబడెనో వ్రాసికొనెను. నాడచ్చట ఏ పక్షులుండెనో తెలిసికొనగోరువారికి అట్టి వ్రాతయే ఆధారము. ఎంత సొగసైన వేటకథయైనను ఆ పనికి చాలదు.

అట్లని కథలను త్రోసివేయరాదు. అడవిపై మక్కువ పుట్టించునవి అవియే. నేడు అమ్రాబాదు పులుల అభయారణ్యమున చెట్లకు కట్టిన కెమెరాలు పులుల చారలను పట్టి, ఒక్కొక్క పులిని వేరుపరచుచున్నవి. ఆ కెమెరాను ఏ బాట ప్రక్కన కట్టవలెనో తెలియుటకు మాత్రము చెంచుల ఎరుకయే అక్కరకు వచ్చును. పులి నడచు త్రోవలను, అది నీరు త్రాగు చెలమలను వారి పెద్దలు తరతరములుగా కథలలో చెప్పుకొనుచునే యున్నారు.